మొక్కలకు ముందు కరెంటు బిల్లు తీయండి

విశాఖలో మా ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్ మీటింగులో ఒకాయన, "పాతిక మొక్కలు నాటేసి గేటుకి కార్బన్ న్యూట్రల్ బోర్డు పెట్టేద్దాం" అన్నారు. అంటే మనం గాల్లోకి వదిలిన కార్బన్‌నంతా వెనక్కి తీసేశామని చెప్పుకోవడం. ముప్పయ్యేళ్లు పద్దులు రాసినవాణ్ణి, నోరు ఊరుకోలేదు. ముందు బాకీ ఎంతో తేల్చండి, జమ సంగతి తర్వాత చూద్దాం అన్నాను.

బాకీ, అంటే మనం వదిలే కార్బన్, తేల్చడం కష్టమేం కాదు. ఏడాది కరెంటు బిల్లులు తీసి యూనిట్లు కూడండి. యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వేసుకోండి. పరవాడ వైపు వెళ్తే సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం చిమ్నీలు కనిపిస్తాయిగా, మన కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే. లీటరు పెట్రోలుకు 2.3 కిలోలు, గ్యాస్ సిలిండర్‌కు 42 కిలోల దాకా. మా ఇంట్లో 3,000 యూనిట్లు, 180 లీటర్లు, 9 సిలిండర్లు. మొత్తం 2.9 టన్నులు! బాగా ఎదిగిన చెట్టు ఏడాదికి ఇరవై కిలోలు పీలుస్తుందనుకున్నా, మా ఒక్క ఇంటికే 145 చెట్లు కావాలి. సెల్లార్లో స్కూటరుకే చోటు లేదు.

అందుకే ముందు ఈ కార్బన్ ఖర్చు తగ్గించాలి. ఏసీ 26 మీద పెట్టండి. పాత 75 వాట్ల ఫ్యాను పాడైతే తక్కువ కరెంటు తినే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను కొనండి. లిఫ్టు, మోటారు తిరిగే కామన్ మీటరుకు డాబా మీద సోలార్ పెట్టండి. అసోసియేషన్లకు కిలోవాట్‌కు 18,000 రూపాయల సబ్సిడీ ఉంది. ఒక కిలోవాట్ రోజుకు సుమారు నాలుగు యూనిట్లిస్తుంది. స్టాండు మాత్రం గాల్వనైజ్డ్, అంటే జింకు పూత వేసినది, అయి ఉండాలి, మన ఉప్పుగాలి ఇనుమును బతకనివ్వదు. బిగింపు తుఫాను గాలికి ఆగేలా చేయించండి.

ఎంత తగ్గించినా కొంత మిగులుతుంది. కార్బన్‌ను వెనక్కి తీసే పని దాని కోసమే. సిమెంటు, విమానాల లాంటి వాటి పొగ పూర్తిగా ఆపలేం కాబట్టి తొలగింపు తప్పదని ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీ 2022 నివేదిక కూడా చెప్పింది. కానీ ప్రపంచం ఏటా వదిలేది దాదాపు 4,000 కోట్ల టన్నులైతే, మనుషులు పనిగట్టుకుని తీసేది 200 కోట్ల చిల్లర, అదీ దాదాపు అంతా అడవులతోనే.

చెట్టును నమ్ముకుంటే కాపలా కూడా ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మా వీధి నిద్రగన్నేర్లను ఒక్క పూటలో పడగొట్టింది. వాటిని కట్టెలుగా కాల్చారు, దాచిన కార్బనంతా మళ్లీ గాల్లోకే.

నాకు మట్టిలో కలిపే బొగ్గు (బయోచార్) మీద గురి ఎక్కువ. చెట్టు పీల్చిన కార్బన్ మళ్లీ గాల్లోకి పోకుండా అందులో నిలిచిపోతుంది. ఆనందపురంలో తమ్ముడి తోట ఉంది. అక్కడ గరాటులా గొయ్యి తీసి, ఎండిన కొబ్బరి చిప్పలు వేసి పైనుంచి అంటిస్తాం. పైపొర మీద తెల్లని బూడిద కనిపించగానే ఇంకో వరస వేస్తాం. గొయ్యి నిండాక, బూడిద కాకముందే నీళ్లు గుమ్మరించి ఆర్పేస్తాం. దంచి, రెండు వారాలు పేడనీళ్లలో నానబెట్టాకే మట్టిలో కలపాలి, లేకపోతే మొక్కకు అందాల్సిన నత్రజనిని బొగ్గే పట్టేస్తుంది. పది కిలోల బొగ్గు మట్టిలో కలిపితే పది లీటర్ల పెట్రోలు పొగను వెనక్కి తీసినట్టే, ఆ కార్బన్‌లో చాలా భాగం వందల ఏళ్లు మట్టిలోనే ఉంటుంది. అపార్ట్‌మెంట్ డాబా మీద మాత్రం ఈ ప్రయోగం వద్దు!

ఇప్పటికి పదమూడు ఫ్లాట్ల బిల్లులు నా దగ్గరికి వచ్చాయి. బోర్డు పెడదామన్నాయనవి ఇంకా రాలేదు.