దౌత్యవేత్త మంత్రి అయితే: ఆ జీవితాన్ని రాయడం ఎలా?

విదేశాంగ సర్వీసులో మూడు దశాబ్దాలు పనిచేసి, ఆ తరువాత మంత్రి పదవిలోకి వచ్చిన వ్యక్తి గురించి వ్యాసం రాయడానికి కూర్చున్నవారిలో చాలామంది ఆ జీవితాన్ని ఒకే నిచ్చెనగా చూస్తారు. చిన్న అధికారి పెద్ద అధికారి అయ్యారు, రాయబారి అయ్యారు, చివరకు మంత్రి అయ్యారు అన్నట్టుగా వరసగా మెట్లు పేర్చుకుంటూ పోతారు. నా దృష్టిలో అన్ని పొరపాట్లకూ మూలం ఇదే. దౌత్యాధికారి ప్రభుత్వం తరఫున మాట్లాడతారే తప్ప తన తరఫున మాట్లాడరు. ఆయన రాసిన నోట్ ఎంత గొప్పదైనా దస్త్రంలోనే ఉండిపోతుంది. మంత్రి అలా కాదు, పార్లమెంటులో లేచి నిలబడి, ఆ శాఖలో జరిగిన ప్రతిదానికీ తన పేరుతో జవాబు చెప్పవలసినవారు. ఒకే మనిషి చేసినా ఇవి రెండు వేరువేరు ఉద్యోగాలు కనుక, రెండింటికీ ఆధారాలు వేరు, వాడవలసిన క్రియాపదాలు కూడా వేరు.

మొదట ఒక పెద్ద కాగితం తీసుకుని మూడు నిలువు గళ్లు గీసుకోండి. మొదటి గడిలో తేదీ, రెండో గడిలో పదవి, మూడో గడిలో అప్పటి ప్రధానమంత్రి, విదేశాంగ మంత్రుల పేర్లు రాయండి. ఈ మూడో గడిని అనవసరమనుకుని వదిలేసేవారు తరువాత ఇబ్బంది పడతారు, ఎందుకంటే ఆ అధికారి ఎవరి ఆదేశాల కింద పనిచేశారో అక్కడే తెలుస్తుంది. సర్వీసు బ్యాచ్ సంవత్సరాన్ని, అంటే సర్వీసులో చేరిన సంవత్సరాన్ని, మొదటి విదేశీ నియామకంతో కలిపేయవద్దు. తరువాత విదేశాంగ మంత్రి అయిన ఎస్. జైశంకర్ 1977 బ్యాచ్ అధికారి, మాస్కోలో పనిచేయడం మొదలైంది ఆ తరువాతే. శిక్షణ, భాషాభ్యాసం మధ్యలో కొంత కాలాన్ని తీసుకుంటాయి.

పుట్టిన తేదీ విషయంలో కూడా తొందర పనికిరాదు. దౌత్యవేత్తగా, మంత్రిగా పనిచేసి తరువాత రాష్ట్రపతి అయిన కె.ఆర్. నారాయణన్ అధికారిక జన్మదినం 1920 అక్టోబర్ 27. అయితే అసలు తేదీ తెలియక, బడిలో చేర్చేటప్పుడు ఇంటి పెద్ద ఒకరు ఆ తేదీ రాయించారని, ఆయన దానినే చివరి వరకు ఉంచుకున్నారని జీవిత వివరాలలో కనిపిస్తుంది. ఇటువంటి చోట "అధికారిక రికార్డుల ప్రకారం" అని రాసి, కారణాన్ని ఒక్క వాక్యంలో చెప్పాలి. కేరళలోని ఉళవూరులో ఒక పేద దళిత కుటుంబంలో పుట్టిన పిల్లవాడికి పుట్టిన రోజును రాసి పెట్టినవారు లేకపోవడం కూడా ఆ జీవితకథలో భాగమే కదా.

ఆ తరువాత నియామకాలను చదవడం నేర్చుకోవాలి. కామన్వెల్త్ దేశాలకు వెళ్లినవారు హైకమిషనర్లు, మిగతా దేశాలకు వెళ్లినవారు రాయబారులు, ఐక్యరాజ్య సమితికి వెళ్లినవారు శాశ్వత ప్రతినిధులు. కాబట్టి జైశంకర్ ప్రాగ్‌లో, బీజింగ్‌లో, వాషింగ్టన్‌లో రాయబారి, సింగపూర్‌లో మాత్రం హైకమిషనర్. విదేశాంగ కార్యదర్శి అంటే ఆ శాఖలో అత్యున్నత అధికారి, మంత్రి కాదు. అనువదించే తొందరలో ఈ రెండూ కలిసిపోవడం మన పత్రికల్లో తరచు చూస్తుంటాం. పదవి పేరు ఒక్కటే రాసి ఊరుకుంటే పాఠకుడికి ఏమీ అందదు. "1976లో చైనాలో భారత రాయబారి" అన్న మాట పొడిగా ఉంటుంది. 1962 యుద్ధానికి ముందే వెనక్కి వచ్చిన మన రాయబారి స్థానం పదిహేనేళ్లపాటు ఖాళీగా ఉందని, ఆ ఖాళీని భర్తీ చేయడానికి నారాయణన్ వెళ్లారని చెబితే, ఆ నియామకం బరువు వెంటనే తెలుస్తుంది.

క్రియాపదాల విషయంలో నేను ఎక్కువ పట్టుదలగా ఉంటాను. భారత్, అమెరికాల మధ్య కుదిరిన అణు ఒప్పందాన్ని ఉదాహరణగా తీసుకుందాం. 2005 జూలై 18న వాషింగ్టన్‌లో మన్మోహన్ సింగ్, జార్జ్ బుష్ సంయుక్త ప్రకటన చేశారు. అప్పటి విదేశాంగ మంత్రి కె. నట్వర్ సింగ్, ఆయన కూడా ఒకప్పుడు 1953 బ్యాచ్ విదేశాంగ అధికారి. అప్పుడు అమెరికా వ్యవహారాలు చూసే సంయుక్త కార్యదర్శి జైశంకర్. అంటే ఒకే సంఘటన ఇద్దరు దౌత్యవేత్త మంత్రుల జీవితాల్లోకి వస్తుంది, కాని ఒకరికి అది మంత్రిగా, మరొకరికి అధికారిగా. తుది ఒప్పందంపై 2008 అక్టోబర్ 10న రెండు దేశాల విదేశాంగ మంత్రులు ప్రణబ్ ముఖర్జీ, కాండొలీజా రైస్ సంతకాలు చేసే నాటికి నట్వర్ సింగ్ మంత్రివర్గంలో లేరు, జైశంకర్ సింగపూర్‌లో ఉన్నారు. ఇద్దరిలో ఎవరి గురించి అయినా "అణు ఒప్పందం కుదిర్చారు" అని రాస్తే తప్పు. అధికారి గురించి "చర్చల బృందంలో పనిచేశారు", "ముసాయిదా రూపకల్పనలో పాలుపంచుకున్నారు" అని రాయాలి. మంత్రి గురించి "ఆయన హయాంలో ప్రకటన వెలువడింది" అని రాయాలి. "నిర్ణయించారు" అన్న మాటను మంత్రివర్గానికీ ప్రధానికీ వదిలేయడం మంచిది.

ఇక వ్యాసానికి గుండెకాయ వంటి భాగం, అధికారి రాజకీయాల్లోకి అడుగుపెట్టిన సందర్భం. అందరూ ఒకే దారిలో రారు. నట్వర్ సింగ్ 1984లో సర్వీసుకు రాజీనామా చేసి కాంగ్రెస్‌లో చేరి, భరత్‌పూర్ నుంచి లోక్‌సభకు పోటీ చేసి గెలిచారు. నారాయణన్ సర్వీసు ముగించి, జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం ఉపకులపతిగా పనిచేసి, 1980 నుంచి 1984 వరకు అమెరికాలో రాయబారిగా ఉండి వచ్చాక కేరళలోని ఒట్టప్పాలం నుంచి లోక్‌సభకు పోటీ చేశారు. హర్‌దీప్ సింగ్ పురి 2013లో ఐక్యరాజ్య సమితి నుంచి తిరిగి వచ్చి, 2014 జనవరిలో భారతీయ జనతా పార్టీలో చేరి, 2017 సెప్టెంబరులో మంత్రి అయ్యారు. జైశంకర్ 2018 జనవరిలో విదేశాంగ కార్యదర్శిగా దిగిపోయి, కొంతకాలం టాటా సన్స్‌లో పనిచేసి, 2019 మే 30న నేరుగా కేబినెట్ మంత్రిగా ప్రమాణం చేశారు. ఆనాటికి ఆయన ఏ సభలోనూ సభ్యుడు కారు. రాజ్యాంగంలోని 75(5) అధికరణం ప్రకారం వరుసగా 6 నెలల పాటు ఏ సభలోనూ సభ్యత్వం లేని మంత్రి ఆ పదవిలో కొనసాగలేరు. జూలై మొదటి వారంలోనే గుజరాత్ నుంచి రాజ్యసభకు ఎన్నికవడంతో ఆ షరతు తీరింది. ఈ ఘట్టాన్ని రాసేటప్పుడు సర్వీసు వదిలిన తేదీ, పార్టీలో చేరిన తేదీ, ప్రమాణం చేసిన తేదీ, సభ్యత్వం వచ్చిన తేదీ విడివిడిగా చూపించండి. ఆ తేదీల మధ్య ఉన్న విరామంలోనే పాఠకుడు అడిగే ప్రశ్నలకు జవాబులు ఉంటాయి.

మంత్రి హోదాను కూడా సరిగా రాయాలి. సహాయ మంత్రి, స్వతంత్ర హోదా గల సహాయ మంత్రి, కేబినెట్ మంత్రి ఒకటి కావు. నారాయణన్ రాజీవ్ గాంధీ ప్రభుత్వంలో ప్రణాళిక, విదేశాంగం, శాస్త్ర సాంకేతిక శాఖల్లో సహాయ మంత్రిగానే ఉన్నారు. తరువాత రాష్ట్రపతి అయ్యారు కదా అని ఆ హోదాను పెంచి రాయకూడదు.

ఆధారాల విషయానికొస్తే, మంత్రి జీవితానికి పార్లమెంటు చర్చల ప్రతులు మంచి గని. ప్రశ్న, జవాబు, తేదీ అన్నీ అక్కడే దొరుకుతాయి. అధికారి జీవితానికి ఆ సౌకర్యం లేదు. 25 ఏళ్లు దాటిన దస్త్రాలు జాతీయ అభిలేఖాగారానికి (నేషనల్ ఆర్కైవ్స్‌కు) చేరాలన్నది నియమమైనా, రహస్య ముద్ర తొలగితే గాని వాటిని చూడనివ్వరు. అందుకే చాలామంది ఆత్మకథల మీద ఆధారపడతారు. ఆత్మకథ నుంచి తీసుకున్న ప్రతి విషయానికీ "ఆయన చెప్పిన ప్రకారం" అన్న మాట చేర్చి, అదే సంఘటనలో ఉన్న మరొకరి జ్ఞాపకంతో పోల్చి చూడటం రచయిత బాధ్యత.

వివాదాలను దాచకూడదు, పెంచకూడదు. ఇరాక్ చమురు అమ్మకాల్లోని అక్రమాలపై ఐక్యరాజ్య సమితి నియమించిన వోల్కర్ కమిటీ 2005 అక్టోబరులో ఇచ్చిన నివేదికలో, లబ్ధి పొందినవారిలో ఒకరిగా నట్వర్ సింగ్ పేరు వచ్చింది. ఆయన ఆ ఆరోపణను ఖండించారు. నవంబరులో విదేశాంగ శాఖ ఆయన చేతి నుంచి పోయింది, డిసెంబరులో మంత్రివర్గం నుంచి తప్పుకున్నారు. ఎవరు ఆరోపించారు, ఆయన ఏమన్నారు, ఏం జరిగింది అన్న ఈ క్రమాన్ని ఎంత తక్కువ విశేషణాలతో రాస్తే అంత న్యాయంగా ఉంటుంది.

ప్రారంభ వాక్యాన్ని అన్నీ అయిన తరువాతే రాయండి. అందులో పుట్టిన ఊరు కాకుండా ఆ వ్యక్తి రెండు ఉద్యోగాలూ కనిపించాలి: "1953లో విదేశాంగ సర్వీసులో చేరి, 1984లో రాజీనామా చేసి, 2004లో అదే శాఖకు మంత్రిగా తిరిగి వచ్చిన నట్వర్ సింగ్" అన్నట్టుగా. పదవిలో ఉన్నవారి గురించి రాస్తుంటే, వివరాలు ఏ తేదీ వరకు సరిచూసినవో వ్యాసం అడుగున వేయడం మరచిపోవద్దు.