దీర్ఘకాల సంరక్షణ ప్రణాళిక, 4వ పాఠం: చేతుల లెక్క

డబ్బు లెక్క ఎప్పుడు నేర్పుతారని అడుగుతున్నారు. ముందు చేతుల లెక్క తేలాలి, డబ్బు దాని వెనకే వస్తుంది.

కోనసీమలో ఎరిగిన సంగతే తీసుకుందాం. దింపు తీస్తూ కొబ్బరిచెట్టు మీంచి పడి వెన్నుపూస విరిగిన మనిషి అనుకోండి. వయసు 35. నడుం కింద స్పర్శ లేదు. ఇల్లు గోదావరి మధ్య లంకలో. ఇంట్లో భార్య, బడికెళ్లే కూతురు, ముసలి తల్లి.

కాగితం మీద 24 గడులు గీయండి. ఏ గంటకి ఏ పని, ఎవరి చేత్తో అన్నది రాయండి. మంచంలో ఉన్నంతసేపూ 2 గంటలకోసారి పక్కకి తిప్పాలి, లేదంటే పుండ్లు పడతాయి. గొట్టంతో మూత్రం తీయాలంటే 4 నుంచి 6 గంటలకోసారి. ఇప్పుడు రాత్రి గడులు చూడండి. పది, పన్నెండు, రెండు, నాలుగు. అన్నింట్లోనూ భార్య పేరే పడుతుంది.

“మేం చూసుకుంటామండీ” అంటారు ఇంట్లోవాళ్లు. ఆ “మేం” ఎవరెవరో విడదీసి పేర్లు రాయించడమే మన పని. ఆవిడకి జ్వరమొస్తే రాత్రి రెండింటికి లేచేదెవరు? ఈ ప్రశ్న మంచం దగ్గర అడక్కండి. అరుగు మీద, ఆవిడ ఒక్కతే ఉన్నప్పుడు అడగండి. ఇన్నేళ్లయినా నాకిది అడిగేటప్పుడు గొంతు పట్టేస్తుంది. అతన్నీ విడిగా అడగాలి. మూత్రం సంచి కూతురు ముట్టుకోవద్దంటాడు. అది అతని మాట, ఆ గడిలో పిల్ల పేరు కొట్టేయండి.

ఖాళీ మిగిలిన గడులకి వెల కట్టాలి. రోడ్డు ప్రమాదంలో దెబ్బతిని 24 గంటలూ తోడు కావలసిన ఒక బాలిక కేసులో సుప్రీంకోర్టు 2020లో తోడు ఖర్చు కింద పరిహారం ఇలా కట్టింది: ఇద్దరు ఆయాలు, ఒక్కొక్కరికి నెలకి 5,000. ఏడాదికి 1,20,000. దాన్ని గుణకంతో, అంటే ఏడాది మొత్తాన్ని హెచ్చవేయడానికి వయసుని బట్టి కోర్టులు వాడే అంకెతో, హెచ్చవేయాలి. ఆ పిల్లకి అది 18, మొత్తం 21,60,000. చెట్టు మీంచి పడ్డవాడికి ఆ పరిహారం రాదు, కానీ లెక్క కట్టే దారి అదే. 35 ఏళ్లకి గుణకం 16. కూలి మాత్రం మీ ఊళ్లో ఇవాళ నడిచేదే వేయండి. మంచానికో చక్రాల కుర్చీకో పూర్తిగా పరిమితమైనవాళ్లకి 2024 జులై నుంచి రాష్ట్ర పింఛను నెలకి 15,000. దాన్నీ ఏడాదికి కట్టి, అదే గుణకంతో హెచ్చవేసి, ఆ మొత్తంలోంచి తీసేయండి.

లంక ఇంటికి ఇంకో గడి ఉంది, వరద గడి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, 13 లక్షలకి రెండోది. మిగతావాళ్లు ఎప్పుడు కదిలినా మన మనిషి మొదటిదానికే గట్టెక్కాలి. పడవలోకి ఎత్తేవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఆ గడిలో రాయండి. ఒడ్డున ఏ ఇంట్లో ఉంచుతారో, అక్కడ రాత్రి తిప్పేదెవరో కూడా.

వచ్చే పాఠం లోపు మీకు తెలిసిన ఒక ఇంటికి ఈ గడులు నింపండి. రాత్రి గడులతో మొదలెట్టండి.