ఒక్క బ్రిటిష్ సంవత్సరాన్ని జ్ఞాపకాల వ్యాసంగా మలచడం ఎలా: 1976 ఉదాహరణగా

బ్రిటన్‌లో 1976 వేసవిని చూసినవారిలో ఎవరిని కదిపినా మొదట ఎండ గురించే చెబుతారు. ఆ తరువాతే పాటలు, టీవీ కార్యక్రమాలు, వీధిలో ఆడుకున్న ఆటలు ఒక్కొక్కటిగా వస్తాయి. అలాంటి జ్ఞాపకాలను పోగుచేసి గడిచిపోయిన ఒక ఏడాది గురించి వ్యాసం రాయదలచుకున్నవారి కోసం ఈ సూచనలు రాస్తున్నాను. దశాబ్దం జోలికి పోకుండా ఒక్క సంవత్సరానికే కట్టుబడమని నా గట్టి సలహా. ‘డెబ్బైల దశకం’ అనగానే ఎన్నో సంగతులు కలగాపులగం అవుతాయి. ఒకే ఏడాదిని తీసుకుంటే ప్రతి వివరాన్నీ తేదీతో సరిచూసుకోవచ్చు.

ముందుగా, ఆ ఏడాది అన్ని ఇళ్లలోకీ చొరబడిన ఒక విషయాన్ని పట్టుకోవాలి. 1976కు అది నీటి కరవు. జూన్ 23 నుంచి జూలై 7 వరకు వరుసగా 15 రోజులు ఇంగ్లాండ్‌లో ఎక్కడో ఒక చోట ఉష్ణోగ్రత 32 డిగ్రీల సెల్సియస్ దాటింది. జూలై 3న చెల్టన్‌హామ్‌లో 35.9 డిగ్రీలు నమోదైంది. అయితే ఈ అంకెలను అలాగే వదిలేస్తే పాఠకుడికి ఏమీ అందదు. చలిని తట్టుకోవడానికి కట్టిన ఇళ్లలో ఆ వేడి ఎలా ఉండేదో, 1975 నుంచే వానలు సరిగా లేక జలాశయాల అడుగు బీటలు వారి ఎలా కనిపించేదో రాయాలి. ఆగస్టులో పార్లమెంటు కరవు చట్టం చేసింది. కొన్ని ప్రాంతాల్లో ఇంటి కుళాయిలు కట్టేసి, వీధి చివర కుళాయి పెట్టారు. అక్కడ బకెట్లు, కెటిళ్లు పట్టుకుని వరుసలో నిలబడినవారు, స్నానం చేసిన నీటిని మొక్కలకు మోసినవారు, ఫ్లష్ ట్యాంకులో నీళ్లు తక్కువ పట్టడానికి ఇటుక పెట్టినవారు మీ వ్యాసంలో కనిపించాలి. ఎర్రటి రెక్కలపై నల్లచుక్కలుండే అక్షింతల పురుగులు సముద్రతీర పట్టణాలను గుంపులుగా కమ్మేసిన సంగతిని కూడా వదలకండి. ఆగస్టు చివర క్రీడల మంత్రి డెనిస్ హోవెల్‌కు కరవు బాధ్యత అప్పగించారు. కొద్ది రోజుల్లోనే వాన మొదలైంది.

తరువాత టీవీ దగ్గరికి రావాలి. అప్పట్లో బీబీసీ1, బీబీసీ2, ఐటీవీ అనే మూడే ఛానళ్లు ఉండేవి. ఏదైనా ఒక మామూలు వారాన్ని తీసుకుని, ఆ వారం సాయంత్రాలు ఎలా గడిచాయో కార్యక్రమాల పట్టికలో చూడండి. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ఆ రోజుల్లో ‘రేడియో టైమ్స్’ అనే వారపత్రిక బీబీసీ కార్యక్రమాలనే అచ్చువేసేది. ఐటీవీ వివరాలకు ‘టీవీ టైమ్స్’ అనే మరో పత్రిక కొనుక్కోవాల్సి వచ్చేది. బీబీసీ పాత పట్టికలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి కాబట్టి వాటితోనే సరిపెట్టుకుంటే, దేశంలో సగం ఇళ్ల సాయంత్రాన్ని మనం చూడనట్లే. ఆ ఏడాది టీవీ లైసెన్సుకు, అంటే ఇంట్లో టీవీ చూడటానికి ఏటా కట్టే రుసుముకు, రంగుల సెట్టుకైతే 18 పౌండ్లు, నలుపు తెలుపు సెట్టుకైతే 8 పౌండ్లు కట్టాలి. ఆ తేడా చెప్పగానే, ఎన్నో ఇళ్లలో ఇంకా నలుపు తెలుపు సెట్టే ఎందుకు ఉండేదో పాఠకుడు తానే గ్రహిస్తాడు.

జ్ఞాపకం మనను అన్నిటికంటే ఎక్కువగా దారి తప్పించేది పాటల విషయంలో. ఆ మండే ఎండ పేరు చెబితే చాలామందికి ఎల్టన్ జాన్, కీకీ డీ కలిసి పాడిన యుగళగీతం గుర్తుకొస్తుంది. అది నిజంగానే జూలై చివరి నుంచి ఆరు వారాలు పాటల రికార్డుల వారపు అమ్మకాల పట్టికలో మొదటి స్థానంలో ఉంది. కానీ ఎండ ముదిరిన ఆ పదిహేను రోజుల్లో, జూన్ 26 నాటి పట్టిక నుంచి, మొదటి స్థానంలో ఉన్నది లివర్‌పూల్‌కు చెందిన నల్లజాతి గాయకుల బృందం ద రియల్ థింగ్. వారం వారం పట్టిక తిరగేస్తేనే ఇలాంటిది దొరుకుతుంది. పంక్ సంగీతం సంగతీ అంతే. ఈ రోజు 1976 అంటే పంక్ బృందం సెక్స్ పిస్టల్స్ అనుకుంటాం. వారు టీవీలో బూతులు మాట్లాడింది డిసెంబరు 1న, అదీ లండన్ ప్రాంతపు కార్యక్రమంలో. మిగతా దేశానికి మర్నాటి పత్రికల ద్వారానే తెలిసింది. ఆ ఏడాది అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడైన సింగిల్ (ఒక్క పాట రికార్డు) యూరప్ దేశాల పాటల పోటీ యూరోవిజన్ గెలిచిన బ్రదర్‌హుడ్ ఆఫ్ మ్యాన్ బృందానిది. తరువాతి తరం గొప్పగా చెప్పుకునేదీ, ఆ రోజు జనం డబ్బు పెట్టి కొన్నదీ రెండూ రాయండి, కానీ ఒకదాని చోట మరొకటి పెట్టకండి.

ధరలు రాసేటప్పుడు జీతాలను కూడా చెప్పాలి, లేకపోతే అంతా చవకగా ఉన్నట్లు అనిపిస్తుంది. 1975లో 24 శాతం దాటిన ద్రవ్యోల్బణం 1976లోనూ 16 శాతానికి పైగానే ఉంది. ప్రభుత్వం అంతర్జాతీయ ద్రవ్య నిధిని 390 కోట్ల డాలర్ల అప్పు అడిగింది. పౌండుకు వంద పెన్నీల లెక్కన దశాంశ నాణేలు వచ్చి అయిదేళ్లయినా పాత ఆరు పెన్నీల నాణెం రెండున్నర కొత్త పెన్నీలకు చెల్లుతూనే ఉండేది, యాభై పెన్నీలను పెద్దవాళ్లు పాత లెక్కలో ‘టెన్ బాబ్’ (పది షిల్లింగులు) అనే అనేవారు. నాకు చాలా ఇష్టమైన వివరం ఇది.

ఆనాటివారిని అడిగేటప్పుడు ‘ఆ ఏడాది ఎలా ఉండేది?’ అనకండి, అందరూ ఒకే జవాబు చెబుతారు. ‘బకెట్ మీరు మోశారా, మీ అన్న మోశాడా? కుళాయి ఇంటికి ఎంత దూరం?’ అని అడగండి. వారు చెప్పిన ప్రతిదాన్నీ ప్రేమగా వినండి, ఆ తరువాత తేదీలు సరిచూడండి. రాణి రజతోత్సవానికి వీధుల్లో బల్లలు వేసి చేసుకున్న విందులు 1977వి. వారానికి మూడు రోజులే ఫ్యాక్టరీలు నడిచింది 1974లో. ఈ రెండూ 1976లోకి జారిపోవడం సర్వసాధారణం.

ఇక చివరి పని, నా దృష్టిలో ముఖ్యమైనది: అది ఎవరి వేసవి అని అడగాలి. ఎండకు గడ్డి మాడిపోయిన ఓవల్ మైదానంలో వెస్టిండీస్ ఆటగాళ్లు వివ్ రిచర్డ్స్ 291 పరుగులు చేసి, మైకేల్ హోల్డింగ్ 14 వికెట్లు తీసినప్పుడు లండన్‌లోని కరీబియన్ కుటుంబాలు పొందిన ఆనందం ఒకటి; ఆగస్టు చివర లండన్‌లోని కరీబియన్ల వీధి ఉత్సవం నాటింగ్ హిల్ కార్నివాల్‌లో వారి పిల్లలకూ పోలీసులకూ జరిగిన ఘర్షణ మరొకటి. ఆ ఏడాదే జాతి వివక్షను అడ్డుకునే కొత్త జాతి సంబంధాల చట్టం వచ్చింది. విల్స్‌డెన్‌లోని గ్రన్‌విక్ అనే ఫిల్మ్ ప్రాసెసింగ్ సంస్థలో ఆగస్టు 20న జయాబెన్ దేశాయ్ పని వదిలి బయటికి నడిచారు. ఆమెతో సమ్మెలో చేరినవారిలో ఎక్కువమంది తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చిన ఆసియా మహిళలు. జనం సెలవుల్లో తీసుకున్న ఫొటోల రీళ్లు పోస్టులో ఆ సంస్థకు చేరేవి. కాబట్టి సముద్రతీరంలో ఐస్‌క్రీం తింటున్న పిల్లల ఫొటో మీ వ్యాసంలో పెడితే, ఆ రోజుల్లో అలాంటి రీళ్లను కడిగి, ముద్రించి, కవర్లలో పెట్టి తిరిగి పంపిన చేతుల గురించి కూడా దాని కిందే రాయండి.