నిప్పు, మంట, చిచ్చు: ఏ సందర్భానికి ఏ మాట వాడాలి

అగ్నికి సంబంధించిన మాటను ఎంచుకునేటప్పుడు మొదట చూడవలసింది అక్కడ జ్వాల లేచిందా లేదా అన్నది. జ్వాల లేస్తే అది మంట; జ్వాల లేకుండా ఎర్రగా కణకణలాడుతుంటే అది నిప్పు. కుంపటి వెలిగించడం గమనిస్తే ఈ తేడా కళ్లకు కడుతుంది. బొగ్గుల కింద కొబ్బరిపీచు పెట్టి అగ్గిపుల్ల గీసినప్పుడు లేచేది మంట. అది తగ్గాక, విసనకర్రతో విసరగా విసరగా బొగ్గులు అంచుల నుంచి ఎర్రబారితే అప్పుడు 'నిప్పు రాజుకుంది' అంటాం. విసిరేటప్పుడు చిటపటమంటూ ఎగిరిపడేవి రవ్వలు, ఎర్రగా కాలిన ఒక్కో ముక్క కణిక, దగ్గర కూర్చున్నవారి ముఖానికి తగిలేది సెగ. కాసేపు కదపకుండా వదిలేస్తే కణికల మీద పేరుకునే పలచని బూడిద పొర నివురు. లోలోపల రగిలే పగను నివురుగప్పిన నిప్పు అనడం ఈ పొరను బట్టే కాబట్టి, బయటికే భగ్గుమంటున్న గొడవకు ఆ మాట నప్పదు.

'అగ్ని' సంస్కృత పదం కనుక ఎక్కువగా సంస్కృత పదాలతోనే కలుస్తుంది: అగ్నిప్రమాదం, అగ్నిసాక్షి, అగ్నిమాపక శాఖ. రవ్వకూ కణికకూ ముందు నిలిచేది నిప్పు; పెట్టెకూ పుల్లకూ ముందు నిలిచేది అగ్గి. అనువాదాల్లో కనిపించే 'అడవి అగ్ని' చెవికి ఎబ్బెట్టుగా ఉండడమే కాదు, అనవసరం కూడా, ఎందుకంటే కారు అంటే అడవి, చిచ్చు అంటే అగ్ని అయిన కార్చిచ్చు మనకు ఎప్పటి నుంచో ఉంది. వేసవిలో నల్లమలలో ఎండుటాకులను పట్టుకుని పాకేదీ, 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో వేల ఇళ్లను కాల్చేసినదీ కార్చిచ్చే. దావానలం అన్నా అర్థం అదే, కానీ అది వార్తలో కంటే పద్యంలో బాగుంటుంది. బడబాగ్ని సముద్రగర్భంలో ఆడగుర్రం ముఖంతో నీటిని తాగుతుందని పురాణాలు చెప్పే అగ్ని; సముద్రంలో చమురుబావి అంటుకున్నప్పుడు ఆ పేరు పెట్టడం శీర్షికలో చమత్కారమే గానీ వార్తలో పనికిరాదు.

మనుషులు కావాలని వేసుకునే మంటకు దాని పనిని బట్టి పేరు వస్తుంది. చలి కాచుకోవడానికి వేసేది చలిమంట. రాత్రి పొలం కాపలాలోనో అడవిలో మజిలీ చేసినప్పుడో మృగాలు దగ్గరకు రాకుండా దుంగలు పేర్చి తెల్లవార్లూ మండించేది నెగడు. సంక్రాంతి ముందురోజు తెల్లవారుజామున పాత కర్రలూ పిడకలూ వేసేది భోగిమంట. రిసార్టుల ప్రకటనల్లో క్యాంప్ ఫైర్ అని రాసేవారు నెగడు అనే మాటను ఒకసారి వాడి చూడవచ్చు.

ఆకలిని పుట్టించి తిన్నదాన్ని అరిగించేది జఠరాగ్ని, అది తగ్గితే మందాగ్ని అని ఆయుర్వేదం అంటుంది. కడుపులో మంట అంటే అజీర్తి లక్షణం, కడుపుమంట అంటే మాత్రం ఈర్ష్యో ఉక్రోషమో. ఒక్క 'లో' దగ్గర జాగ్రత్త అవసరం. అంతకన్నా జాగ్రత్తగా వాడవలసినది కొరివి. మండుతున్న కట్టె అని దాని అర్థమైనా, తలకొరివి వల్ల ఆ మాటకు శ్మశానపు వాసన అంటింది. శుభకార్యం గురించి రాసేటప్పుడు అది రానేకూడదు. అలాగే పూజలో పెట్టిన దీపం ఆరిపోయిందని రాయకుండా కొండెక్కిందని రాయడం మర్యాద.

నామవాచకం కుదిరాక క్రియను చూసుకోవాలి. పొయ్యి ముట్టిస్తాం, దీపం వెలిగిస్తాం, భోగిమంట వేస్తాం, నిప్పు రాజేస్తాం. వీటిని తారుమారు చేస్తే వాక్యం తడబడుతుంది. వార్తల్లో అయితే క్రియ తప్పితే నింద పడుతుంది: 'గడ్డివాముకు నిప్పంటుకుంది' అంటే ప్రమాదం, 'నిప్పంటించారు' అంటే నేరం, 'నిప్పు పెట్టుకున్నారు' అంటే తమకు తామే చేసుకున్న పని. కారణం ఏమిటో పోలీసులు గానీ అగ్నిమాపక సిబ్బంది గానీ తేల్చేదాకా 'మంటలు చెలరేగాయి' అని రాయడమే క్షేమం.