లింగాకర్షక బుట్టలో ఎర మార్చారా?

పత్తి పూతకొస్తోంది కదా, పంపు భుజానికెత్తే ముందు ఓ మాట. గులాబీ రంగు పురుగు కాయలోకి దూరాక పైన ఏ మందు కొట్టినా దానికి తగలదు. రెక్కల దశలోనే కనిపెట్టాలి.

ఆడ రెక్కల పురుగు రాత్రిపూట పొట్ట చివర నుంచి ఓ వాసన వదులుతుంది. మన ముక్కుకు అందదు గానీ మగవి మీసాలతోనే పసిగట్టి గాలికి ఎదురెళ్లి వెతుక్కుంటూ వస్తాయి. మగవాటిని రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలో పెట్టే ఎర ఆ వాసనకు నకలే, పేరు గాసిప్లూర్. శనగపచ్చ పురుగు ఎర వేరు. రెండూ ఒకే బుట్టలో పెట్టకండి.

విత్తిన 45 రోజులకల్లా ఎకరానికి నాలుగైదు బుట్టలు, పైరు మీద అడుగు ఎత్తున కట్టాలి. చేను ఎదిగేకొద్దీ బుట్టనూ పైకి జరపాలి, చాలామంది మరిచేది ఇదే. ఎర మూడు నాలుగు వారాలకోసారి మార్చండి, పాతది చేన్లో పారేయొద్దు. పొగాకు నలిపిన చేత్తో అసలు ముట్టొద్దు.

బుట్టకు రాత్రికి 8 చొప్పున వరుసగా మూడు రాత్రులు పడితే అప్పుడు మందు సంగతి చూడండి. పడేవన్నీ మగవే, గుడ్లు పెట్టే ఆడవి బయటే ఉంటాయి. అందుకే గుడ్డి పూలు, అంటే లోపల పురుగు చేరి సరిగా విచ్చుకోని పూలు, కూడా ఏరేయాలి.

వరంగల్ చుట్టుపక్కల పత్తి నుంచి గింజ వేరుచేసే జిన్నింగు మిల్లుల పక్కన చేన్లున్నోళ్లు ఇంకాస్త ముందే కట్టండి. నిల్వ గింజల్లో దాగిన పురుగు అక్కడి నుంచే రెక్కలొచ్చి లేస్తుంది.