డ్రైవాల్ వెనక పుచ్చిన కర్రను సరిచేసే పద్ధతి

అమెరికాలో పాత ఇల్లు కొని బాత్‌రూమ్ బాగుచేయించే తెలుగువారికి, డ్రైవాల్ (గోడకు బిగించే జిప్సం పలక) విప్పాక కనిపించే కర్రల చట్రం మొదట కంగారు పుట్టిస్తుంది. మన ఊళ్లలో గుమ్మానికి చెద పట్టినా గోడ నిలిచే ఉంటుంది. ఇక్కడ ఆ కర్రలే గోడ. అందువల్ల రంపం పట్టే ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి: నీరు ఎక్కడి నుంచి వచ్చింది, ఆ గోడ ఏ బరువు మోస్తోంది.

ఇల్లు 1978కి ముందు కట్టినదైతే రంగులో సీసం ఉండే అవకాశం ఉంది కనుక, విప్పడానికి ముందే పరీక్ష చేయించాలి. ఆ గది కరెంటును బ్రేకర్ దగ్గర ఆపి, టెస్టర్‌తో సరిచూసుకోవాలి.

స్టడ్లనే నిలువు కర్రల మొదళ్లను, వాటి కింద పరచిన బాటమ్ ప్లేటును స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూడండి. గట్టి కర్రలో మొన దిగదు. పుచ్చిన చోట తడిసిన అట్టలోకి దిగినట్టు దిగిపోయి, బయటికి తీస్తే గోధుమరంగు పొట్టు రాలుతుంది. మొన దిగడం ఆగిన చోటుకు ఇంకొంచెం పైన గీత గీసుకుని, అంతవరకు కోసేయాలి. టబ్బు అంచు నుంచి నీరు కారుతుంటే ముందు దాన్ని ఆపాలి. లేకపోతే కొత్త కర్ర కూడా పుచ్చిపోతుంది.

బయటి గోడలన్నీ బరువు మోస్తున్నట్టే భావించడం మంచిది. లోపలి గోడ మీద జాయిస్టులు, అంటే పై అంతస్తునో కప్పునో మోసే దూలాలు, అడ్డంగా వచ్చి ఆనుతుంటే అదీ అంతే. అనుమానం ఉంటే స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి. ఈ ఖర్చు దగ్గర మాత్రం వెనకాడవద్దు. అలాంటి గోడలో కర్ర కోయాలంటే, గోడకు రెండు మూడు అడుగుల ఎడంలో తాత్కాలిక చట్రం నిలిపి, పై బరువును ముందుగా దాని మీదికి మళ్లించాలి. చాలాచోట్ల గోడ మూయకముందే ఇన్‌స్పెక్టర్ చూడవలసి ఉంటుంది కనుక, పర్మిట్ సంగతి ఊరి బిల్డింగ్ ఆఫీసులో ముందే కనుక్కోవాలి.

టూ బై ఫోర్ అని అమ్మే కర్ర నిజానికి 1½ అంగుళాల మందం, 3½ అంగుళాల వెడల్పు ఉంటుంది. చాలా పాత ఇళ్లలో కర్ర ఇంతకన్నా వెడల్పుగా ఉంటుంది. ఆ తేడాను సన్నని పట్టీతో సమం చేయకపోతే డ్రైవాల్ అక్కడ లోపలికి కుంగుతుంది. కొత్త స్టడ్‌ను పాతదాని పక్కన పైనుంచి కిందివరకు ఆనేలా నిలిపి, 3 అంగుళాల మేకులను అడుగుకు రెండు చొప్పున కొట్టాలి. అది బిగుతుగా కూర్చోవాలి గాని, సుత్తితో బలవంతంగా ఎక్కిస్తే స్టడ్ల తలల మీద అడ్డంగా ఉండే పై ప్లేటు లేస్తుంది. కాంక్రీటు మీద ఆనే ప్లేటుకు ప్రెషర్ ట్రీటెడ్ (పుచ్చకుండా మందు పట్టించిన) కర్రను, గాల్వనైజ్డ్ (జింకు పూత పూసిన) మేకులనే వాడాలి. ఆ కర్రకు పట్టించిన మందు మామూలు మేకులను తినేస్తుంది.

వైరు గాని పైపు గాని స్టడ్ అంచుకు 1¼ అంగుళాల కన్నా దగ్గరగా వెళ్తుంటే, అక్కడ ఇనప పలక బిగించాలి. తేమ మీటరు కర్రలో 19 శాతం కన్నా తక్కువ చూపించేదాకా గోడను మూయవద్దు.