నష్టాల్లో ఉన్న రిటైల్ కంపెనీ షేరు నిజంగా చవకేనా? తేల్చుకునే పద్ధతి

కడప వై.వి. స్ట్రీట్‌లో బట్టల షాపుకు గిరాకీ తగ్గితే దారిన పోయేవారికి కూడా తెలిసిపోతుంది. అదే వ్యాపారం వందల షోరూముల లిస్టెడ్ కంపెనీ అయితే మాత్రం, షేరు ధర పుస్తక విలువలో (ఆస్తుల నుంచి అప్పులు తీసేస్తే లెక్కల్లో మిగిలే విలువ) సగానికి పడిందన్న ఒక్క కారణంతో కొనేవారు మన ఊళ్లలోనూ చాలామంది ఉన్నారు. ఆ పుస్తక విలువలో పెద్ద భాగం సరుకే కనుక పరీక్షను అక్కడే మొదలుపెట్టాలి.

వార్షిక నివేదికలోని సరుకు నిల్వను, ఆ ఏడాది అమ్మిన సరుకు కొనుగోలు ఖర్చుతో భాగించి 365తో గుణించండి. ఖర్చు 600 కోట్లు, నిల్వ 200 కోట్లు అయితే సరుకు సుమారు 122 రోజులు షాపులో ఉంటున్నట్టు లెక్క. మరుసటి ఏడు ఖర్చు అంతే ఉండి నిల్వ 260 కోట్లకు చేరితే అది 158 రోజులవుతుంది. కొత్త షోరూములు నింపడానికే తెప్పించామని యాజమాన్యం చెబితే, ఆ తర్వాతి త్రైమాసికాల్లో అమ్మకాలు పెరిగాయో లేదో చూడండి. పెరగకపోతే అది పేరుకుపోయిన పాత సరుకే. సంక్రాంతి దాటాక షోరూముకు స్వయంగా వెళ్లి, పండుగకు తెచ్చిన చీరలు, పిల్లల గౌన్లు డిస్కౌంటు చీటీలతో ఇంకా వేలాడుతున్నాయేమో గమనించడం, చీటీపై తయారీ నెల ఉంటే చదవడం, నా దృష్టిలో బ్రోకరేజీ నివేదికల కంటే విలువైన పని. అటువంటి సరుకును సగం ధరకే లెక్కగట్టాలి.

ఆ తరువాత చూడవలసినవి అద్దెలు. 2019 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఇండ్ ఏఎస్ 116 అనే అకౌంటింగ్ ప్రమాణం ప్రకారం దీర్ఘకాలిక అద్దె ఒప్పందాలు బ్యాలెన్స్ షీటులో బాధ్యతగా చేరతాయి, అద్దె ఖర్చు తరుగుదల, వడ్డీల కిందికి మారుతుంది. అందువల్ల వడ్డీకి, తరుగుదలకు ముందున్న లాభం ఉన్నదానికంటే పెద్దదిగా కనిపిస్తుంది. నగదు ప్రవాహ పట్టికలో అద్దె బాధ్యతల చెల్లింపును వెతికి, వ్యాపారం నుంచి వచ్చిన నగదులోంచి తీసివేసి చూడండి. బిగ్ బజార్ వంటి పేరున్న దుకాణాలు నడిపిన ఫ్యూచర్ రిటైల్ అద్దెలు కట్టలేక 2022లో అనేక షాపులు పోగొట్టుకుని, అదే ఏడాది జులైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. దివాలాలో బ్యాంకులు, ఉద్యోగులు, సరఫరాదారుల తరువాతే షేర్‌హోల్డర్ల వంతు వస్తుంది.

ప్రమోటర్లు, అంటే కంపెనీని నడిపే ప్రధాన యజమానులు, అప్పుల కోసం పెట్టే షేర్ల తాకట్టు త్రైమాసికానికీ త్రైమాసికానికీ పెరుగుతుంటే ఇక ముందుకు వెళ్లనక్కరలేదు.

ఇవన్నీ దాటిన కంపెనీలో, తగ్గించి కట్టిన సరుకు విలువకు నగదును, రావలసిన బాకీలను కలిపి, మొత్తం అప్పులను, ఇతర బాధ్యతలను తీసివేసి, షేర్ల సంఖ్యతో భాగించండి. వచ్చినదానిలో మూడింట రెండు వంతుల కంటే తక్కువ ధరకు షేరు దొరకాలన్నది అమెరికా పెట్టుబడి నిపుణుడు బెంజమిన్ గ్రాహం పాటించిన కొలత. దానికి తోడు, ఏడాదికి పైబడిన పాత షోరూములలో అమ్మకాలు తగ్గడం ఆగిందని కనీసం రెండు త్రైమాసికాల ఫలితాలు చూపించాకే కొనండి.